సైకిలు ఎక్కని ఏసురత్నం

ఏసురత్నం గురించి మాదాపూర్‌లో ఒక మాట చెప్పుకుంటారు. వాళ్ల ఊళ్లో ఉండగా ఆయన ఒకరోజు సైకిలు మీద జోరుగా వస్తూ చిన్నపిల్లను గుద్దాడట. ఆ పిల్ల బతకలేదట. అప్పుడు బైబిలు మీద చెయ్యి వేసి, బతికున్నంతకాలం సైకిలు ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడట. అందుకే ఎండయినా వానయినా సైకిలును పక్కన నడిపించుకుంటూ పోతాడే తప్ప ఎక్కడట.

చెప్పేవాళ్లను బట్టి ఇది మారుతూ ఉండేది. కొందరు పిల్ల అనేవాళ్లు, కొందరు పిల్లవాడు అనేవాళ్లు. గుంటూరు దగ్గర జరిగిందని ఒకరు, కాదు ఒంగోలు దారిలో అని ఇంకొకరు. కనకలక్ష్మి అయితే ఆ పిల్ల వేసుకున్న గౌను రంగు కూడా చెప్పేది. మా అమ్మ టీ బండికి ఎదురుగా ఉన్న కంపెనీలో అంతస్తులు తుడిచే పని ఆమెది. పొద్దున పనికి పోయేముందు బండి దగ్గర ఆగి టీ తాగేది.

"నీకెవరు చెప్పిండ్రే?" అని మా అమ్మ సారమ్మ ఒకసారి అడిగింది.

"ఒకరు చెప్పాల్నా అక్కా? మనిషిని చూస్తె తెలుస్తలేదా? మంచి సైకిలు. గాలి నిండుగ ఉంటది. ఎక్కడు. ఉత్తగనే ఎక్కకుంటడా ఎవడన్న?"

మా అమ్మకు ఆ మాటలో న్యాయం కనిపించింది. ఆ రోజు నుంచి ఆయనకు టీ ఇచ్చేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడేది.

మా నాన్న పోయాక నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి బండి దగ్గరికి వచ్చాను. గ్లాసులు కడగడం నా పని. గ్లాసులు కడిగే బకెట్టు నేల మీద ఉంటుంది. అక్కడ కూర్చుంటే మనుషుల మొహాలకన్నా ముందు కాళ్లు కనిపిస్తాయి. ఎవరు ఎలాంటి చెప్పులు వేసుకున్నారు, ఎవరి మడమలు పగిలాయి, ఎవరు ఒక కాలి మీద బరువు వేసి నిలబడతారు, ఇవి నాకు తెలిసినంతగా వాళ్ల పేర్లు తెలియవు.

నేను వచ్చిన కొత్తలో ఆ రోడ్డు ఇరుకుగా ఉండేది. రెండు పక్కలా బండరాళ్లు. బర్రెలు అడ్డంగా పడుకుంటే బస్సు కూడా ఆగేది. తర్వాత రాళ్లు పేల్చారు. గుండ్రటి పెద్ద భవనం లేచింది, దాని చుట్టూ ఇంకొన్ని లేచాయి. రోడ్డు వెడల్పు చేసి నడుమ డివైడరు కట్టారు. అద్దాల భవనాలన్నీ అవతలి వైపు. వాటిని తుడిచేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, మొక్కలకు నీళ్లు పెట్టేవాళ్లు ఉండే కిరాయి గదులన్నీ ఇవతలి వైపు, పాత ఊళ్లో. పని చెయ్యడంకన్నా పనికి చేరడం కష్టమయింది. హారన్ కొట్టుకుంటూ పోవడమే కానీ బ్రేకు వేసేవాడు లేడు. ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, టిఫిను డబ్బా పొట్టకు హత్తుకుని పరిగెత్తేవాళ్లు. పరిగెత్తలేనివాళ్లు నిలబడేవాళ్లు.

ఏసురత్నం నిలబడేవాడు. సైకిలు ఎడమ పక్కన పెట్టుకుని, రెండు చేతులూ హ్యాండిల్ మీద వేసి, రోడ్డు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఎదురు చూసేవాడు. యాభై దాటిన మనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చాడు. ఒక్కడే గదిలో ఉండేవాడు. భార్యకు చూపు తగ్గి కూలికి వెళ్లలేక ఊళ్లోనే ఉండిపోయింది. ఆమెకు ఈయన జీతమే ఆధారం. ఎదుటి కంపెనీ గేటు దగ్గర పగటి కాపలా ఆయన పని. ఉతికిన నీలం చొక్కా, తుడిచిన బూట్లు. ఆ బూట్లలో ఎడమదాని మడమ బయటి వైపు మాత్రమే అరిగి ఉండేది.

ఒక యేడు వానలు తగ్గాక ట్రాఫిక్ వాళ్లు వచ్చి మా బండికి ఎదురుగా రోడ్డు మీద తెల్ల చారలు వేశారు. పక్కన బోర్డు పాతారు. "నడిచేవారికే మొదటి దారి. వాహనములు ఆగవలెను. సైకిలువారు దిగి దాటవలెను" అని దాని మీద రాసి ఉంది. అక్కడ నిలబడడానికి ఓదెలు అనే కానిస్టేబుల్‌ను వేశారు. మొదటి రోజు ఆయన మా బండి దగ్గర టీ గ్లాసు పట్టుకుని అందరికీ రూలు చెప్పాడు.

"ఇన్నొద్దులు బండోనిది దారి. ఇగ నడిచేటోనిది. గీతల మీద మనిషి కాలు పెట్టిండంటే బండి ఆగాలె."

"మీరు చెయ్యి చూపిస్తె ఆగుతం సార్," అన్నాడు పక్కనే టీ తాగుతున్న జీపు డ్రైవరు. "సున్నం గీతలను చూసి ఎవడాగుతడు?"

"ఆగకుంటె చలానా."

"మరి మీరు టీ తాగుతుంటె?"

"టీ తాగుకుంట గూడ చూస్త."

సైకిలు మీద వచ్చిన పాలాయన నవ్వాడు. "దిగి నడిచేదానికి సైకిలెందుకన్నా? చెప్పులు సాలవా?"

రూలు వచ్చింది కానీ రోడ్డు ఒక్కసారిగా మారలేదు. ఓదెలు కర్ర ఎత్తితే కార్లు ఆగేవి, దించితే కదిలేవి. సైకిళ్లవాళ్లు చారల దగ్గర ఒక కాలు కింద పెట్టి, దిగినట్టు చేసి, మళ్లీ తొక్కుకుంటూ పోయేవాళ్లు. మొదటి రోజు నుంచీ బోర్డులో రాసింది రాసినట్టు చేసినవాడు ఏసురత్నం ఒక్కడే. సందు మలుపులోంచే సైకిలు నడిపించుకుంటూ వచ్చేవాడు. ఎక్కువ దూరం నుంచే దిగి వస్తున్నాడని ఓదెలు అనుకున్నాడు.

"చూడుండ్రి పెద్దమనిషిని," అనేవాడు మిగతావాళ్లతో. "గీతలు కనబడకముందే దిగుతడు. గీయనొక్కడు చదివిండు బోర్డు. మీరంత పట్నపోళ్లు."

ఆ చారలు ఏసురత్నానికి పనికొచ్చినంతగా మరెవరికీ పనికిరాలేదు. ఓదెలు చెయ్యి అడ్డం పెట్టి రెండు వైపులా బండ్లు ఆపేవాడు. ఏసురత్నం హ్యాండిల్ మీదకు వంగి, ఒక్కో చారా దాటుకుంటూ నెమ్మదిగా పోయేవాడు. అంత నెమ్మది ఎందుకని ఎవరూ అడగలేదు. రూలు పాటిస్తున్నాడని అనుకున్నారు. ఆయన మొహంలో తేటదనం నేను ఆ నెలల్లోనే చూశాను. రోడ్డు దాటాక వెనక్కి తిరిగి ఓదెలుకు నమస్కారం పెట్టేవాడు.

ఒకరోజు పొద్దున ఓదెలు పరుగున వచ్చి ఆయన సైకిలు అందుకున్నాడు. ముందు చౌరస్తాలో లారీ అడ్డం పడిందట. "పెద్దమనిషీ, జర సైకిలియ్యి. గిట్ల పోయి గట్ల వస్త," అంటూనే ఎక్కి పోయాడు. ఏసురత్నం ఏదో అనబోయాడు. ఓదెలు అప్పటికే దూరం పోయాడు. అమ్మ పాలకు వెళ్లింది. బండి దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆయన చేత్తో బండి కొయ్యను పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా గేటు కనిపిస్తూనే ఉంది. రాత్రి కాపలా దిగాల్సిన మనిషి అక్కడి నుంచి చెయ్యి ఊపుతున్నాడు. రోడ్డు కూడా ఖాళీగానే ఉంది. ఏసురత్నం కొయ్యను వదిలి ఎడమ కాలు ముందుకు వేశాడు. మోకాలు పక్కకు జారింది. మళ్లీ కొయ్య పట్టుకున్నాడు. బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నాక నా వైపు చూశాడు. నేను బకెట్టులోంచి చేతులు తియ్యలేదు.

"చూశావా," అన్నాడు.

తల ఊపాను.

"ఆ మూల భవనం లేదూ, దాని మూడో అంతస్తు గోడ మేం కట్టిందే. గోడ కట్టడానికి మేం ఎక్కి నిలబడే సారువ కర్ర విరిగింది. కింద ఇసక ఉండబట్టి ప్రాణం దక్కింది. ఇసక పక్కన ఇటుకలు ఉండబట్టి కాలు పోయింది." గేటు వైపు చూశాడు. "ఇంకో టీ పొయ్యమ్మా కెజియా. ఆ సైకిలు వచ్చేదాకా నేను కదలలేను."

టీ ఇచ్చాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. "కర్ర పట్టుకోవచ్చు కదా పెద్దనాన్నా?"

"ఆసుపత్రి నుంచి వచ్చాక కర్రతోనే పని అడగడానికి వెళ్లాను. చేతిలో రూపాయి పెట్టారు. ఒకచోట కాదు, వెళ్లినచోటల్లా. కర్ర చేతిలో ఉన్నోడికి దానం చేస్తారమ్మా, పని ఇవ్వరు. మా మేస్త్రి ఊరెళ్లిపోతూ ఈ సైకిలు నా గదిలో వదిలేశాడు. దీన్ని పట్టుకుని కిరణ్ పాల్ గారి దగ్గరికి వెళ్లాను. సైకిలుందిగా, టయానికి రాగలవుగా అన్నాడు. వస్తానండి అన్నాను."

కిరణ్ పాల్ కాపలా మనుషులను పెట్టే ఏజెన్సీలో సూపర్‌వైజరు. కొండాపూర్‌లో నేనూ అమ్మా ఏసురత్నమూ వెళ్లే ప్రార్థన మందిరంలో డోలక్ వాయించేది కూడా ఆయనే.

"పరిగెత్తమనలేదా?" అన్నాను. కొత్తవాళ్లను పరిగెత్తించి చూస్తారని బండి దగ్గర విన్నాను.

"మందిరం మనిషే కదా అని నన్ను వదిలేశాడు. తెలిస్తే ఉంచరు. దొంగ వెనక పరిగెత్తలేనోడు గేటుకెందుకంటారు. అనడం తప్పని కూడా నేననను." టీ ఊదుకుంటూ తాగాడు. "కనకలక్ష్మి చెప్పుకునే మాట నాకూ తెలుసులే. చెప్పుకోనీ. ఆ మాట ఉన్నంతకాలం ఎందుకు ఎక్కవని ఎవరూ అడగరు. నువ్వు మాత్రం మీ అమ్మకు కూడా చెప్పకు."

ఓదెలు వచ్చాడు. దిగుతూనే సైకిలును తిట్టాడు. "ఏంది పెద్దమనిషీ, చైను ఎండిపోయి కట్టె లెక్కయింది. నూనె చూపిస్తలేవా దానికి? కీసు కీసుమని ఊరంత చూసిండ్రు నన్ను."

"వేస్తానండి," అన్నాడు ఏసురత్నం. హ్యాండిల్ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

జనవరిలో రోడ్డు భద్రత వారం వచ్చింది. చారల పక్కనే షామియానా వేస్తారని, పెద్ద ఆఫీసరు వస్తారని, కంపెనీల మేనేజర్లు కూడా వస్తారని ఓదెలు చెప్పాడు. కొత్త రూలు ఎలా పాటించాలో జనానికి చేసి చూపించాలి. ఒక మనిషి సైకిలు తొక్కుకుంటూ రావాలి, గీత దగ్గర దిగాలి, నడిపించుకుంటూ దాటాలి, రెండు వైపులా కార్లు ఆగాలి. ఆ మనిషి ఎవరన్నది ఓదెలు ఆలోచించనే లేదు. వెళ్లి కిరణ్ పాల్‌ను అడిగాడు. కిరణ్ పాల్ సంతోషంగా ఒప్పుకున్నాడు. మా ఏజెన్సీ మనిషి అని మైకులో చెప్పాలన్నది ఒక్కటే ఆయన షరతు.

ఇద్దరూ కలిసి ముందురోజు మా బండి దగ్గరికి వచ్చి ఏసురత్నానికి చెప్పారు.

"ఇటు నుంచి నడిపించుకుంటూ వస్తే సరిపోదాండీ?" అన్నాడు ఆయన.

"ఎక్కకుంట దిగుడేంది పెద్దమనిషీ?" అన్నాడు ఓదెలు. "ఎక్కి వస్తెనే కద దిగినట్టు."

"సిగ్గు పడకయ్యా," అన్నాడు కిరణ్ పాల్. "రోజూ చేసేదే కదా. చొక్కా ఇస్త్రీ చేయించుకో. కంపెనీ వాళ్లంతా చూస్తారు."

వాళ్లు వెళ్లాక ఏసురత్నం సైకిలును బండికి ఆనించి, పెడలు మీద కుడి కాలు పెట్టి చూశాడు. తీసేశాడు. మా అమ్మ అది చూసి, పాపం, ఒట్టు గుర్తొచ్చినట్టుంది అంది నాతో. నేను గ్లాసులు కడిగాను.

మర్నాడు జనం బాగానే వచ్చారు. బడిపిల్లలు అట్టలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాటి మీద "నడిచేవారిని గౌరవించండి" అని రంగులతో రాసి ఉంది. రెండు కార్లను ముందే మాట్లాడి చారలకు అటూ ఇటూ నిలబెట్టారు. సందు చివర ఏసురత్నం ఇస్త్రీ చొక్కాతో సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. మైకులో ఆయన పేరు, ఏజెన్సీ పేరు పిలిచారు.

ఆయన కదలలేదు. మళ్లీ పిలిచారు. పిల్లలు మెడలు తిప్పి చూశారు. కిరణ్ పాల్ గబగబా ఆయన దగ్గరికి వెళ్లాడు.

"ఏమైందయ్యా? ఎక్కు."

"నడిపించుకుంటూ వస్తానండి."

"నడిపించుకుంటూ రావడానికి ఇంతమందిని పిలిచామా? ఎక్కు ముందు. నా పరువు తియ్యకు."

ఏసురత్నం హ్యాండిల్‌ను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఎక్కితే అక్కడే పడతాడు. ఎక్కలేనని చెబితే ఎందుకని అడుగుతారు. మేనేజర్లు కుర్చీల్లోంచి చూస్తున్నారు. అప్పుడు తుడిచేవాళ్ల గుంపులోంచి కనకలక్ష్మి గట్టిగా చెప్పింది.

"ఆయన ఎక్కడు సార్. ఒట్టు పెట్టుకున్నడు. చిన్నపిల్ల పాణం పోయింది ఆయన సైకిలు కింద. అప్పటిసంది ఎక్కడు. మా అందరికి ఎరుకే."

ఆమె చెడు తలచి అనలేదు. ఆయనను బతిమాలుతున్నారని, ఆయన బాధపడుతున్నాడని, విడిపిద్దామనే అంది. ఆఫీసరు కుర్చీలోంచి లేచి వచ్చాడు. మెత్తని మనిషిలాగే ఉన్నాడు.

"నిజమేనా?" అని అడిగాడు.

ఏసురత్నం మా బండి వైపు చూశాడు. నన్ను చూశాడో లేదో తెలియదు. తర్వాత తల దించుకున్నాడు.

"నిజమేనండి," అన్నాడు.

ఆఫీసరు మైకు తీసుకుని చాలాసేపు మాట్లాడాడు. చేసిన తప్పును ఇన్నేళ్లు మోస్తున్న మనిషిని చూడమన్నాడు. ఒక్క క్షణం తొందర వల్ల ఏం పోతుందో ఈయనను అడగమన్నాడు. తన మెడలో వేసిన దండ తీసి ఏసురత్నం మెడలో వేశాడు. చప్పట్లు కొట్టారు. ఏసురత్నం దండతోనే, వంగి, ఒక్కో చారా దాటుకుంటూ అవతలికి వెళ్లాడు. రెండు కార్లూ ఆగే ఉన్నాయి.

అప్పటిదాకా అది బండి దగ్గర చెప్పుకునే మాట. మైకులో చెప్పాక అది నిజమైపోయింది. ఆయన గది పక్కనున్న ఆడవాళ్లు, ఆయన సందులోకి రాగానే పిల్లలను లోపలికి పిలవడం మొదలుపెట్టారు. ఇదివరకు ఆయన సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆ పిల్లలకు కాగితాలతో పడవలు చేసి ఇచ్చేవాడు. ఇప్పుడు అరుగు మీద ఒక్కడే కూర్చునేవాడు. ఆటోవాళ్లు దాటబోయే ఆయనను చూసి, "పిల్లను గుద్దినాయన వస్తుండు, ఆపు ఆపు" అని నవ్వుకునేవాళ్లు. ఆపేవాళ్లు కూడా. భద్రత వారం అయిపోయాక మిగతా వాళ్ల కోసం ఎవరూ బండి ఆపలేదు.

"నువ్వు చెప్పొచ్చు కదా పెద్దనాన్నా," అన్నాను ఒకరోజు, అమ్మ వినకుండా.

"ఏమని? జీతం వద్దనా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అలిసిపోయిన మనిషి చెప్పులు విప్పినట్టు అన్నాడు.

దాన్ని కూడా మోసేవాడేమో. కానీ కిరణ్ పాల్ ఈ సంగతి జోయెల్ అయ్యగారికి చెప్పాడు. మా మందిరం కొండాపూర్‌లో ఒక రేకుల షెడ్డు. చాపల మీద మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటాం. ప్రతి నెలా చివరి ఆదివారం ఎవరైనా ఒకరు సాక్ష్యం చెప్పాలి. పేరు పిలిచినవాళ్లు లేచి, చాపల మధ్య నుంచి నడిచి, ముందుకు వెళ్లి, అందరి వైపు తిరిగి దేవుడు తమకు చేసింది చెప్పాలి. సంతోషమైనా, పాపమైనా. అక్కడ నిలబడి అబద్ధం చెప్పినవాళ్ల ఇల్లు నిలబడదని మా పెద్దవాళ్లు అంటారు.

ఏసురత్నం మందిరానికి అందరికన్నా ముందు వచ్చేవాడు. సైకిలు గోడకు ఆనించి, గుమ్మం పక్కనే గోడ పట్టుకుని కూర్చునేవాడు. ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. అంత భక్తి ఎవరికీ లేదని ఈరమ్మ అవ్వ అనేది. ఆయన నడక అక్కడ ఎవరూ చూడలేదు.

ఆ ఆదివారం పాట అయ్యాక జోయెల్ అయ్యగారు లేచారు.

"ఈ నెల మన ఏసురత్నం బ్రదర్ సాక్ష్యం చెప్తారు. లోకం ముందు ఒప్పుకున్న మనిషి. దేవుని ముందు కూడా ఒప్పుకుంటే ఆ భారం దిగిపోతుంది. రండి బ్రదర్."

నేను ఆడవాళ్ల వరసలో చివర ఉన్నాను. గుమ్మం నాకు దగ్గర. ఏసురత్నం కళ్లు తెరిచి ముందు వరకూ ఉన్న దారిని చూశాడు. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. సైకిలు బయట ఉంది.

"ఇక్కణ్ణుంచే చెప్తానండి అయ్యగారూ," అన్నాడు.

"ముందుకు రండి. అందరికీ వినపడాలి."

ఆయన గోడ పట్టుకుని లేచాడు. గోడ అయిపోయేదాకా బాగానే నడిచాడు. తర్వాత చాప అంచున కూర్చున్న ఒకాయన భుజం పట్టుకున్నాడు. అక్కడి నుంచి ఇంకొకరి భుజం. ఎడమ కాలు ప్రతిసారీ బయటికి విసిరినట్టు పడి, చాపను ఈడ్చింది. డోలక్ ముందు కూర్చున్న కిరణ్ పాల్ ఆ కాలినే చూస్తున్నాడు. చివరి రెండు అడుగులకు పట్టుకోవడానికి భుజం లేదు. అక్కడ ఆయన వంగి, చెయ్యి నేలకు ఆనించి, అయ్యగారి ముందున్న బల్ల దాకా వెళ్లి, దాన్ని పట్టుకుని లేచాడు.

"అందరికీ వందనాలండి," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నేను ఏ బిడ్డనూ గుద్దలేదు. ఏ బిడ్డా నా వల్ల చావలేదు. రోడ్డు మీద ఆఫీసరు గారు అడిగితే నిజమేనన్నాను. అది అబద్ధం. ఈ కాలు సంగతి తెలిస్తే ఉద్యోగం పోతుందని అన్నాను. మీరు చూశారుగా. రోడ్డు మీద అన్నాను గానీ ఇక్కడ అనలేనండి. ఇంతే."

మామూలుగా సాక్ష్యం అయ్యాక అందరం స్తోత్రం అంటాం. ఈసారి ఈరమ్మ అవ్వ ఒక్కతే అలవాటు కొద్దీ "స్తోత్రం" అంది. అయ్యగారు పాట ఎత్తుకోమన్నారు. డోలక్ దెబ్బ ఒకటి తప్పింది.

ఆ రోజు ఏసురత్నం చివరిదాకా కళ్లు మూసుకుని కూర్చోలేదు. అందరితోపాటు బయటికి వచ్చాడు. సైకిలు దగ్గర కిరణ్ పాల్ డోలక్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ముందే నాతో చెప్పి ఉండాల్సింది బ్రదర్."

"చెబితే ఇచ్చేవారాండీ?"

కిరణ్ పాల్ డోలక్‌కు గుడ్డ చుట్టాడు. "నాకొక్కడికే తెలిస్తే ఎలాగో చూసేవాణ్ణి. అందరూ చూశారు కదా," అన్నాడు. "నేను తప్పు చేస్తున్నానంటావా?"

"అననండి."

నెల మొదట్లో గేటు దగ్గరికి కుర్రవయసు మనిషి వచ్చాడు. ఏసురత్నం వెళ్లి కొన్నాళ్లు ఊళ్లో ఉన్నాడు. తర్వాత కిరణ్ పాలే తన బావమరిదికి చెప్పి, లింగంపల్లి స్టేషను దగ్గర ఎస్.టి.డి. బూతులో కూర్చోబెట్టాడు. కూర్చునే పని. జీతం ముందుకన్నా తక్కువ.

చారలు ఎండాకాలానికే సగం చెరిగిపోయాయి. ఓదెలును జీడిమెట్ల వైపు వేశారు. ఆ తర్వాత రూలు మళ్లీ మారింది. అక్కడ దాటేవాళ్ల వల్ల ఆఫీసు వేళకు కార్లు ఆగిపోతున్నాయని డివైడరు సందును ఇనుప గొట్టాలతో మూసేశారు. ఇప్పుడు దాటాలంటే ముందు మలుపు దాకా వెళ్లి రావాలి. కనకలక్ష్మి అంత దూరం వెళ్లదు. కుచ్చిళ్లు ఎత్తి గొట్టాల మీంచి దాటుతుంది. బోర్డు మాత్రం ఇంకా ఉంది. దాని మీద ఎవరో టైపు నేర్పబడును అని కాగితం అంటించారు.

ఒక మధ్యాహ్నం ఏసురత్నం బస్సు దిగి మా బండి దగ్గరికి వచ్చాడు. చేతిలో కర్ర ఉంది. గదిలో వదిలిన సైకిలును పక్కింటాయన చేత నడిపించుకుని వచ్చాడు.

"నాకిక దీంతో పని లేదు సారమ్మా," అన్నాడు. "నువ్వు పాలకు అంతదూరం నడుస్తున్నావు. అమ్మాయి తొక్కుతుందేమో, వాడుకోండి."

బడికి వెళ్లే రోజుల్లో నేను అద్దె సైకిలు మీద నేర్చుకున్నాను. మా అమ్మ ఎక్కి చూడమంది. సీటు చాలా ఎత్తుగా ఉంది. నా కాళ్లు అందలేదు. ఆయన కూడా నాకంటే పెద్ద ఎత్తేమీ కాదు.

"సీటు ఇంత ఎత్తుగ ఎందుకు ఉంచినవు పెద్దనాన్నా?" అన్నాను.

"అది మా మేస్త్రి పెట్టుకున్న ఎత్తమ్మా. నేనెప్పుడు ఎక్కానని?"

"కాలు బాగున్నప్పుడు వేరే సైకిలు తొక్కలేదా?"

"అప్పుడూ లేదు." కర్ర పక్కన పెట్టి టీ అందుకున్నాడు. "మా వాడలో సైకిలు ఎవడికుంది నేర్చుకోవడానికి?"

కనకలక్ష్మి ఇప్పటికీ ఆ కథ చెబుతుంది. చచ్చిపోయిన పిల్ల తాలూకువాళ్లు వచ్చి గొడవ చేస్తే కంపెనీవాళ్లు ఆయనను తీసేశారని ఈ మధ్య కలిపింది. మందిరంలో ఆయన చెప్పింది మా అమ్మ చెప్పినా ఆమె చెవికెక్కలేదు. ఎక్కినా ఆమె పాత మాటే ఎక్కువ మంది వింటారు.

ఏసురత్నానికి సైకిలు తొక్కడం రాదు. ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు.